జియోలైట్‌ను ఆమ్లంలో వేసే ముందు

ముందు తేల్చుకోవలసింది దేన్ని పట్టుకోవడానికి ఈ పని అన్నది. జియోలైట్ అంటే సన్నని రంధ్రాలున్న ఖనిజం; ఇక్కడ మన రాయి క్లినోప్టిలోలైట్ అనే సహజ జియోలైట్. ఆమ్లం దాని రంధ్రాల్లోని మలినాలను కడిగి, ఉపరితల వైశాల్యాన్ని పెంచుతుంది. గాఢత మితిమీరితే ఖనిజపు స్ఫటిక చట్రంలోని అల్యూమినియం కూడా ఊడిపోతుంది. అమ్మోనియం, సీసం వంటి ధన అయాన్లను పట్టేది ఆ అల్యూమినియం వల్ల ఏర్పడే రుణావేశమే. అత్యాశకు పోతే ఉన్నదీ పోతుంది.

☐ పొడి చేసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. కొన్ని సహజ నిక్షేపాల్లో క్యాన్సర్ కారకమైన ఎరియోనైట్ అనే మరో జియోలైట్ నారలు ఉంటాయి. రాయి ఎక్కడిదో, ఎక్స్‌రే విశ్లేషణలో ఏం తేలిందో అడగండి.

☐ రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్.

☐ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. 37 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 83 మిల్లీలీటర్లు కొంత నీటిలో పోసి, మొత్తం లీటరు అయ్యేలా నీళ్లు నింపితే 1 మోలార్ ద్రావణం (మోలార్ అంటే గాఢత కొలమానం). నా సలహా, మొదటిసారి 0.1 మోలార్‌తో మొదలుపెట్టండి.

☐ చిటికెడు పొడిపై రెండు చుక్కల ఆమ్లం వేసి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం) ఉంది. అప్పుడు పెద్ద బీకరు తీసుకుని, పొడిని కొద్దికొద్దిగా వేయాలి. మూత మాత్రం బిగించవద్దు, కార్బన్ డయాక్సైడ్‌కు దారి ఉండాలి.

☐ స్వేదనజలం, సిల్వర్ నైట్రేట్ దగ్గర పెట్టుకోండి. ఆమ్లంలోంచి తీసిన పొడిని స్వేదనజలంతో కడిగి, ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయండి; తెల్లని అవక్షేపం వస్తే క్లోరైడ్ ఇంకా మిగిలుందన్నమాట, అది ఆగేదాకా కడగాలి. ఇక్కడే అందరికీ ఓపిక చచ్చిపోతుంది.

☐ పసుపు రంగు తిరిగిన ఆమ్లంలో ఇనుము ఉంటుంది. వంటసోడాతో తటస్థం చేశాక కూడా సింకులో పోయకుండా వ్యర్థాల డబ్బాలోకి.