చింతచిగురు మటన్: చిగురు ఎప్పుడు వెయ్యాలో అదే అసలు సంగతి

ఎండలు ముదిరి బండ్ల మీద చింతచిగురు కనపడిందంటే మా ఇంట్లో ఆదివారం కూర ఇక ఫిక్స్. హైదరాబాద్‌లోనైతే మెహిదీపట్నం రైతుబజార్లోనో మోండా మార్కెట్లోనో దొరుకుతది, రేటు అడిగితే కళ్ళు తిరుగుతయ్ కానీ కిలో మటన్‌కి పావుకిలో చిగురు చాలు, కాడలు తీసేస్తే అందులో 200 గ్రాములు కూడా మిగలదు. లేతగా, కొంచెం ఎర్రగా ఉన్నదే తీసుకోండి. ముదురుది తెస్తే కూరలో గడ్డి నమిలినట్టే ఉంటది.

మటన్ షాపులో ఉత్త "కూరకి" అంటే ఏది చేతికొస్తే అది కొట్టిస్తరు. సీనా (రొమ్ము ముక్కలు), దస్తీ (ముందుకాలి భుజం ముక్కలు) కలిపి ఇయ్యమనండి, రెండు నల్లి బొక్కలు (మూలుగ ఉండేవి) కూడా అడగండి. రాన్ (తొడ) ముక్కలు చూడ్డానికి బాగుంటయ్ కానీ పులుపు కూరకి కాస్త కొవ్వు తగలాలి.

చిగురు కడిగి గుడ్డ మీద ఆరబెట్టి, తడి పోయినంక రెండు అరచేతుల మధ్య నలపండి. ఆకు పొడి పొడిగా రాలిపోతది, పుల్లలు చేతిలో మిగుల్తయ్, ఏరి పారేయండి. మిక్సీలో మాత్రం వెయ్యకండి, పేస్టయితే కూర జిగటగా వస్తది.

ఇక పొయ్యి దగ్గరికి. కుక్కర్లో ఐదారు స్పూన్ల నూనె, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, సన్నగా తరిగిన మూడు ఉల్లిగడ్డలు, చీరిన పచ్చిమిర్చి ఐదు. ఉల్లిగడ్డ రంగు మారినంక రెండు స్పూన్ల అల్లం వెల్లుల్లి పేస్టు, పసుపు, తర్వాత మటన్, ఉప్పు. మూత పెట్టకండి. ఇక్కడే చాలామంది తొందరపడి నీళ్ళు పోసేస్తరు, అందుకే కూరకి నీచు వాసన వస్తది. మటన్ తనే బోలెడు నీళ్ళు వదుల్తది, ముందు బుడబుడ ఉడుకుతది, పదిహేను నిమిషాలు అట్లనే కలుపుతూ ఉంటే నీళ్ళన్నీ ఇంకి చప్పుడు చిటపటలోకి మారుతది, అంచుల్లో నూనె కనపడ్తది. అప్పుడు రెండు స్పూన్ల కారం, ఒకటిన్నర స్పూను ధనియాల పొడి వేసి ఒక నిమిషం తిప్పి, గ్లాసున్నర వేడి నీళ్ళు పోసి మూత పెట్టండి. లేత మాంసమైతే నాలుగు విజిల్స్, ముదురైతే ఆరేడు. విజిల్స్ లెక్క నమ్ముకోకుండా మూత తీసినంక ఒక ముక్క గరిటెతో నొక్కి చూడండి, బొక్క నుంచి ఊడి రావాలి.

చిగురు వేసేది ఇప్పుడే, ముక్క పూర్తిగా ఉడికినంకనే. మొదటిసారి నేను మటన్‌తో పాటే కుక్కర్లో పడేసిన, ఎనిమిది విజిల్స్ వచ్చినా ముక్క రబ్బరులా సాగింది, చిగురేమో నల్లటి ముద్దయి అడుగంటింది, ఇంటికొచ్చిన మా బావ పాపం మర్యాదకి బాగుందన్నడు కానీ రెండోసారి వేసుకోలే. నాకైతే పులుపు ముందే తగిలినప్పుడు మాంసం తొందరగా మెత్తబడలే.

చిగురు కలిపి సన్నమంట మీద ఎనిమిది, పది నిమిషాలు. పచ్చ రంగు పోయి మెహందీ రంగుకొస్తది. ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి నూరిన ముద్ద రెండు స్పూన్లు వేస్తే పులుపు కాస్త తగ్గి గ్రేవీ చిక్కబడ్తది. గరం మసాలా అర స్పూను దాటొద్దు, చిగురు వాసన చచ్చిపోతది. టమాటా, చింతపండు అసలే వద్దు. ఉప్పు మాత్రం చివర్లో ఇంకోసారి చూసుకోండి, పులుపు పడినంక చప్పగా అనిపిస్తది.

బగారన్నంలోకి సూపర్, జొన్నరొట్టెలోకి ఇంకా సూపర్. కూర అయిపోగానే స్టీలు గిన్నెలోకి తీసెయ్యండి, అల్యూమినియం కుక్కర్లో పులుపు వదిలేయొద్దు. పొద్దున వండి రాత్రి తింటే ముక్కకి పులుపు బాగా పడ్తది, రాత్రిదాకా మిగిలితే.