చిన్న విమానానికి కంపాస్ స్వింగ్: స్క్రూ ముట్టే ముందు చోటు చూసుకోండి

ఇంజను మార్చినా, ప్యానెల్లో కొత్త రేడియో బిగించినా, పిడుగు తగిలినా, విమానం నెలల తరబడి ఒకే దిక్కుకు నిలబడిపోయినా కంపాస్ స్వింగ్, అంటే విమానాన్ని ఒక్కో దిక్కుకు తిప్పి కంపాస్ చూపే తప్పును కొలిచి సరిచేయడం, చేయాల్సిందే.

చోటు దొరికితే సగం పని అయినట్టే. హ్యాంగరుకు, వాహనాలకు, ఇనుప కంచెకు 100 గజాల దూరం ఉండాలి. ఓర్వకల్లయినా కడపయినా, ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) సాఫుగా ఉంది కదా అని అక్కడే మొదలుపెట్టొద్దు. కాంక్రీటు కింద కడ్డీలో, కేబుళ్లో ఉండొచ్చు. అనంతపురం వైపు ఇంకో చిక్కుంది: గ్రానైట్‌ను చీల్చుకుంటూ పోయే నల్లటి డోలరైట్ డైకులకు (రాతి గోడల్లాంటి పొరలకు) అయస్కాంత గుణం ఉంటుంది. సైట్ కంపాస్ (గురి చూసే చేతి కంపాస్) పట్టుకుని దూరంగా ఉన్న ఒక గుర్తు వైపు తిన్నగా నడవండి. నడుస్తుండగా రీడింగ్ మారితే ఆ చోటు వదిలేయండి. కొందరు రన్‌వే అంకెనే కొలతగా పెట్టుకుంటారు. అది దగ్గరి పదికి సవరించిన అంకె, దీనికి పనికిరాదు.

విమానం కంపాస్ ద్రవంలో బుడగ ఉన్నా, లోపల తిరిగే అంకెల కార్డు పట్టేస్తున్నా ముందు రిపేరు. బాగుంటే తప్పు సరిచేసే రెండు స్క్రూల చుక్కలనూ కేసు మీది చుక్కలకు కలపండి. ఇత్తడి స్క్రూడ్రైవరే వాడాలి. ఫోను, తాళంచెవులు సరే, రాసుకునే అట్టకున్న ఉక్కు క్లిప్పును ఎవరూ పట్టించుకోరు. దాన్నీ దూరం పెట్టండి.

ఇంజను నడుస్తూ, రేడియోలు ఆన్‌లో ఉండగా, తలుపులు మూసి, తోకచక్రం విమానమైతే తోక ఎత్తి సమంగా నిలిపి చూడాలి. విమానాన్ని ఉత్తరానికి తిప్పి ఎన్-ఎస్ (ఉత్తర-దక్షిణ) స్క్రూతో తప్పు సున్నా చేయండి. తూర్పున ఈ-డబ్ల్యూ (తూర్పు-పడమర) స్క్రూతో అలాగే. దక్షిణంలో మాత్రం సగమే తీయాలి: 184 చూపిస్తే 182 దగ్గర ఆపండి. పడమరలోనూ సగమే. ఇక స్క్రూలు ముట్టకుండా ప్రతి 30 డిగ్రీలకు ఒక రీడింగ్ రాసి, మిగిలిన తప్పులు చూపే కాగితపు కార్డు నింపండి.

నాలుగు దిక్కుల్లోనూ ఒకే వైపు ఒకే తప్పు మిగిలితే కంపాస్ వంకరగా బిగించారన్నమాట. స్క్రూలతో అది పోదు, కేసునే తిప్పాలి. కంపాస్ లైటు వేయగానే లోపలి కార్డు కదిలితే దాని రెండు తీగలూ మెలిపెట్టి ఉన్నాయో లేదో చూడండి. తప్పు 10 డిగ్రీలు దాటితే కంపాస్ దగ్గర ఇత్తడి స్క్రూ బదులు ఉక్కుది పడిందేమో, స్టీలు పైపు అయస్కాంతమైందేమో వెతకాలి. పైపును డీగాస్ చేయాలి, అంటే దాని అయస్కాంతత్వం పోగొట్టాలి.

అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత) తమిళనాడు దక్షిణపు కొస దగ్గరే కాబట్టి మన దగ్గర కంపాస్‌ను తిప్పే ఈ అడ్డ క్షేత్రం బలంగా ఉంటుంది, విమానంలోని అదే ఇనుము ఇక్కడ తక్కువ తప్పు చూపిస్తుంది. కర్నూలులో 8 డిగ్రీలు వస్తే పరిమితిలోనే ఉందని వదలొద్దు; విమానం ఉత్తరాదికి పోతే అది ఇంకా పెరుగుతుంది.