స్టెప్ కౌంటర్ చూపే అంకెను ఎంతవరకు నమ్మాలి, ఎలా వాడుకోవాలి

చేతి గడియారమైనా, జేబులోని ఫోనైనా చూపే అడుగుల సంఖ్య లెక్క కాదు, అంచనా. పరికరంలోని యాక్సిలరోమీటర్ శరీర కదలికల్లోని హెచ్చుతగ్గులను మూడు దిశలలో కొలుస్తుంది. అవి నడక లయలో వరుసగా వచ్చినప్పుడే సాఫ్ట్‌వేర్ వాటిని అడుగులుగా గుర్తిస్తుంది. అందుకే గదిలో రెండడుగులు వేసి ఆగే నడక చాలావరకు లెక్కలోకి రాదు. కూర్చున్నచోటే చేతులు బాగా ఊపితే లేని అడుగులు వచ్చి చేరుతుంటాయి.

ముందుగా పరికరాన్ని పరీక్షించుకోవాలి. చదునైన చోట నిలబడి అప్పటికి ఉన్న సంఖ్యను రాసుకుని, మామూలు వేగంతో, మనసులో లెక్కపెట్టుకుంటూ 100 అడుగులు ఆగకుండా నడవండి. అంకె మారడానికి కొంత సమయం పడుతుంది కనుక కాసేపు ఆగి చూడండి. పెడోమీటర్లకు, అంటే అడుగులు లెక్కించే పరికరాలకు, జపాన్ పారిశ్రామిక ప్రమాణం అనుమతించే తేడా నూటికి 3 అడుగులే. ఇంటి వాడకానికి 5 వరకు తేడా ఉన్నా ఇబ్బంది లేదని నా అభిప్రాయం. తరువాత ఇదే పరీక్షను చాలా నెమ్మదిగా నడుస్తూ ఒకసారి, తోపుడు బండి పిడి పట్టుకుని మరొకసారి చేయండి. అసలు లోపం బయటపడేది ఇక్కడే: వేగం గంటకు 3 కిలోమీటర్ల కంటే తగ్గినప్పుడు చాలా పరికరాలు అడుగులను వదిలేస్తాయి, చెయ్యి కదలకపోతే మణికట్టు గడియారానికి నడక సరిగా తెలియదు.

అయితే నడకను పెంచుకోవాలనుకునేవారికి తప్పు ఎంత ఉందన్నదాని కంటే, అది రోజూ ఒకేలా ఉందా అన్నదే ముఖ్యం. ప్రతిరోజూ నూటికి పది తక్కువ చూపే పరికరం కూడా నిన్నటికీ నేటికీ ఉన్న తేడాను సరిగానే చెబుతుంది. ఒకరోజు జేబులో, మరొకరోజు బల్లమీద ఉండే ఫోన్ అది చెప్పలేదు. కాబట్టి పరికరాన్ని ఒకేచోట ధరిస్తూ, అలవాట్లేమీ మార్చకుండా వారం రోజుల సంఖ్యలు రాసి సగటు తీయండి. ఆ సగటుకు వెయ్యి అడుగులు కలిపి మొదటి లక్ష్యంగా పెట్టుకుని, అది అలవాటయ్యాక పెంచుకుంటూ పోవచ్చు. 26 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2007లో జామా వైద్య పత్రిక ప్రచురించిన సమీక్షలో, పెడోమీటర్ వాడినవారి నడక రోజుకు 2,000 అడుగులకు పైగా పెరిగిందని, నిర్దిష్టమైన లక్ష్యం పెట్టుకోవడం అందుకు ముఖ్యంగా తోడ్పడిందని తేలింది.

ఆ లక్ష్యం 10,000 కానక్కరలేదు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పో-కేయ్’ (పదివేల అడుగుల మీటర్ అని అర్థం) అనే పెడోమీటర్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. సగటున 72 ఏళ్ల వయసున్న మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు నడిచేవారి కంటే 4,400 నడిచేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. సుమారు 7,500 దాటాక అదనపు తేడా కనిపించలేదు.

పరికరం మార్చినా, ధరించే చోటు మార్చినా పాత సంఖ్యలతో పోల్చకుండా వారం సగటును మళ్లీ తీయాలి. పరికరం చూపే కేలరీల అంకెను పక్కన పెట్టడమే మంచిది. అందులో అంచనాపై అంచనా ఉంటుంది. చేతికర్రతో లేదా చాలా నెమ్మదిగా నడిచేవారు మాత్రం అడుగులకు బదులు నడిచిన నిమిషాలు రాసుకోవడం మేలు.