సొంతంగా లినక్స్ మరమ్మతు – 7వ భాగం: కొత్త కెర్నల్ వచ్చింది, సౌండ్ పోయింది

పోయిన భాగంలో కొత్త కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే, లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వేసుకోవడమూ, గ్రబ్ (కంప్యూటర్ మొదలవగానే ఏ కెర్నల్ కావాలో ఎంచుకోనిచ్చే) మెనూలోంచి పాత కెర్నల్‌తో మొదలుపెట్టడమూ చూశాం. ఆ రెండోది ఇవాళ మొట్టమొదటే పనికొస్తుంది. ఎప్పటిలాగే కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే.

సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిస్తే స్పీకర్ పేరుండాల్సిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ అని కనిపిస్తుంది. అది చూడగానే చాలామంది పైప్‌వైర్‌ని (ప్రోగ్రాముల సౌండును సౌండ్ కార్డుకు చేర్చే సాఫ్ట్‌వేర్‌ని) పీకేసి మళ్లీ వేస్తారు. వద్దు. పైప్‌వైర్ నడుస్తోంది కాబట్టే ఆ పేరు కనిపిస్తోంది. దానికి కింద నుంచి సౌండ్ కార్డు అందలేదు, అంతే. సౌండ్ చిప్, దాన్ని నడిపే డ్రైవర్, ఆల్సా (లినక్స్‌లో సౌండ్‌కి మూల వ్యవస్థ), ఆపైన పైప్‌వైర్, చివరికి మీ వీడియో ప్లేయర్: ఇదీ వరుస. డ్రైవరూ ఆల్సా పునాదీ ఉండేది కెర్నల్‌లోనే. మారింది కెర్నల్ అయినప్పుడు కింద నుంచి వెతుక్కుంటూ రావాలి.

ముందు పాత కెర్నల్‌తో మొదలుపెట్టి చూడండి. ఉబుంటులో అయితే గ్రబ్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో ఉంటుంది. అక్కడ పాట వినిపిస్తే స్పీకర్లూ చిప్పూ బాగున్నట్టే. తప్పు కొత్త కెర్నల్ వైపే ఉంది. అక్కడా వినిపించకపోతే కెర్నల్‌ని అనుమానించడం ఆపి, చివర్లో ఉన్న మ్యూట్ సంగతి చూడండి.

ఇప్పుడు కొత్త కెర్నల్‌లోకి వచ్చి ‘యూనేమ్ -ఆర్’ కొట్టండి. వచ్చిన వెర్షన్ రాసిపెట్టుకోండి. తర్వాత ‘ఏప్లే -ఎల్’. కార్డులేవీ లేవంటే ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ కొట్టి, ఆడియో అని ఉన్న పరికరం దగ్గర ఆగండి. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస లేకపోతే, చిప్ ఉంది కానీ దాన్ని పట్టుకున్న డ్రైవర్ లేదు.

ఎందుకు లేదు? ఎక్కువగా ఎదురయ్యే కారణాలు రెండు.

మొదటిది, డ్రైవర్ అసలు డిస్కులోకే రాకపోవడం. ఉబుంటు 24.04లో సౌండ్ డ్రైవర్లలో చాలా భాగం ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా’ అనే విడి ప్యాకేజీలో ఉంటాయి. కెర్నల్ ఇమేజ్ ఒక్కటే ఎంచి వేసుకున్నవాళ్లకు అది రాదు. ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్’ కొడితే మాడ్యూల్ (కెర్నల్‌కి విడిగా తగిలించే డ్రైవర్ ఫైలు) దొరకలేదంటుంది. ఆ ప్యాకేజీ పేరు చివర హైఫన్ పెట్టి, ఇందాక రాసుకున్న వెర్షన్ చేర్చి, ఆప్ట్ అనే ప్యాకేజీ కమాండ్‌తో వేసుకుని రీబూట్ చేయండి. వెర్షన్ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఒక కెర్నల్ మాడ్యూళ్లను ఇంకో కెర్నల్ తీసుకోదు.

రెండోది కొంచెం తిరకాసు. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిని పాత హెచ్‌డీఏ డ్రైవరూ నడపగలదు, ఎస్‌ఓఎఫ్ అనే కొత్త డ్రైవరూ నడపగలదు. కెర్నల్ మారినప్పుడు ఆ ఎంపిక మారవచ్చు. ఎస్‌ఓఎఫ్‌కి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) కావాలి, హెచ్‌డీఏకి అది అక్కర్లేదు. ‘సుడో జర్నల్‌సీటీఎల్ -కే’ కొట్టి, ఎస్‌ఓఎఫ్ అని ఉన్న వరుసలు వెతకండి. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదంటూ పక్కన -2 ఉంటే ఫైలు దొరకలేదని అర్థం. ఉబుంటు, డెబియన్‌లలో ‘ఫర్మ్‌వేర్-ఎస్‌ఓఎఫ్-సైన్డ్’, ఫెడోరాలో ‘ఆల్సా-ఎస్‌ఓఎఫ్-ఫర్మ్‌వేర్’ వేసుకుంటే సరి. డెబియన్ 12లో ముందుగా ప్యాకేజీ మూలాల్లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగం తెరిచి ఉండాలి.

నెట్‌లో ఇంకో చిట్కా తిరుగుతుంటుంది: ‘ఎస్‌ఎన్‌డీ_ఇంటెల్_డీఎస్‌పీసీఎఫ్‌జీ.డీఎస్‌పీ_డ్రైవర్=1’ అని, కెర్నల్ మొదలయ్యేటప్పుడు చదివే ఆప్షన్ల వరుసకు చేర్చి హెచ్‌డీఏనే వాడమనడం. గ్రబ్‌లో ‘ఈ’ నొక్కి ఒక్క బూట్‌కి పరీక్షించడానికి అది బాగుంటుంది. శాశ్వతంగా పెట్టేయమని మాత్రం నేను చెప్పను. డిజిటల్ మైకున్న ల్యాప్‌టాప్‌లలో స్పీకర్ వస్తుంది గానీ మైకు పోతుంది.

డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ని మళ్లీ కట్టే సాధనంతో) కట్టిన బయటి డ్రైవర్ వాడేవాళ్లు కొత్త కెర్నల్ హెడర్లు (ఆ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) ఉన్నాయో లేదో చూడండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ రానివ్వదు.

కార్డు కనబడుతూనే సౌండ్ లేదా? ‘ఆల్సామిక్సర్’ తెరిచి, ఎఫ్6తో అసలు కార్డును ఎంచుకోండి. కడ్డీ కింద ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్. ‘ఎం’ నొక్కితే తొలగిపోతుంది. అదీ సరిగ్గానే ఉంటే సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐకి మారిందేమో చూడండి.

అభ్యాసం: సౌండ్ బాగున్న ఇవాళే ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ కొట్టి, మీ ఆడియో చిప్, డ్రైవర్ పేర్లు నోట్ చేసుకోండి. వచ్చే భాగంలో మైకు పాఠానికి అవే కావాలి.