స్కరోలా ఎ ఫజోలి: గింజలు ఉడికిన నీళ్లు పారబోయకండి

ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల ఇళ్లలో వండే ఈ కూరలో ప్రధానంగా ఉండేవి రెండే. ఒకటి స్కరోలా అనే కాస్త చేదుగా ఉండే ఆకుకూర, రెండోది కనెల్లినీ అనే తెల్ల చిక్కుడు గింజలు. ఇలాంటి పేదింటి వంటల్ని అక్కడ ‘కుచీనా పోవెరా’ అంటారు. ఖరీదైన దినుసు ఒక్కటీ లేదు కాబట్టి గింజ సరిగ్గా ఉడకకపోతే దాన్ని కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు.

నలుగురికి కావలసినవి: ఎండు కనెల్లినీ గింజలు 250 గ్రాములు, స్కరోలా ఒక పెద్ద దుబ్బు (సుమారు 600 గ్రాములు), వెల్లుల్లి 5 రెబ్బలు, ఆలివ్ నూనె 5 టేబుల్ స్పూన్లు, ఎండుమిరపకాయ ఒకటి, సేజ్ అనే సువాసన మొక్క ఆకులు నాలుగు, ఉప్పు.

గింజల్ని రాత్రే నానబెట్టాలి. లీటరు నీళ్లకు 15 గ్రాముల ఉప్పు కలపండి. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందనే మాట చాలామంది నమ్ముతారు కానీ, జరిగేది అందుకు విరుద్ధం. తొక్కను బిగించి ఉంచే కాల్షియం స్థానంలోకి సోడియం చేరి తొక్క మెత్తబడుతుంది, ఉడికేటప్పుడు పగలదు.

పొద్దున ఆ నీళ్లు వంపేసి, గింజలు కడిగి, వాటికి నాలుగు వేళ్లు పైన ఉండేలా కొత్త నీళ్లు పోయండి. సేజ్, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక స్పూను నూనె వేయండి. మొదటి 10 నిమిషాలు తెర్లాల్సిందే. పచ్చి గింజల్లో కడుపును పాడుచేసే లెక్టిన్ ఉంటుంది, సన్నని సెగకు అది పోదు. ఆ తర్వాత మంట తగ్గించి గంట నుంచి గంటన్నర ఉడికించండి. ఐదు గింజలు తీసి ఒక్కొక్కటీ నాలుకతో అంగిలికి నొక్కి చూడండి. ఒక్కటి పలుకుగా తగిలినా ఇంకా పొయ్యి మీద ఉండాల్సిందే. ఎంతకీ ఉడకడం లేదంటే గింజలు పాతవి, లేదా నీళ్లు కాల్షియం ఎక్కువున్న కఠిన జలం. పావు టీస్పూను వంటసోడా వేస్తే దారికొస్తాయి. టమాటా వేసే అలవాటుంటే గింజలు మెత్తబడ్డాకే వేయండి, పులుపు తగిలితే ఉడుకు ఆగిపోతుంది.

గింజలు ఉడుకుతుండగానే ఆకు సంగతి చూసుకోవచ్చు. దుబ్బు మొదలు కోసి, ఆకులు విడదీసి, వెడల్పు గిన్నెలో నీళ్లు మార్చి మూడుసార్లు కడగండి. మట్టంతా తెల్లటి కాడల దగ్గరే దాక్కుంటుంది. ఉప్పేసిన మరిగే నీళ్లలో 2 నిమిషాలు ఉంచి తీసి, చల్లారాక గట్టిగా పిండి, తరగండి. చేదు కొంత ఆ నీళ్లలోకి పోతుంది. పిండడం మానేస్తే కూర పలచబడుతుంది.

చల్లని మూకుడులోనే 3 స్పూన్ల నూనె పోసి, సన్నగా తరిగిన మూడు రెబ్బల వెల్లుల్లి వేసి, అప్పుడు చిన్న మంట పెట్టండి. అంచులు బంగారు రంగుకు తిరగగానే మిరపకాయ తుంచి వేసి, వెంటనే ఆకు వేయాలి. వెల్లుల్లి నల్లబడితే మొహమాటం లేకుండా పారేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆకు చేదుకు మాడు చేదు తోడైతే ఇక తినలేం.

ఆకు మూడు నిమిషాలు మగ్గాక గింజలు, అవి ఉడికిన నీళ్లు 400 మిల్లీలీటర్లు పోయండి. ఒక గరిటెడు గింజల్ని మూకుడు పక్కకు నొక్కి మెదపండి. ఆ పిండి, నూనె, నీళ్లు కలిసి పాలలా తెల్లగా చిక్కబడతాయి. 12 నిమిషాలయ్యాక గరిటెతో అడుగున గీత గీస్తే క్షణం నిలిచి మెల్లగా మూసుకోవాలి. వెంటనే మూసుకుపోతే ఇంకాసేపు ఉంచండి, అలాగే నిలిచిపోతే గింజల నీళ్లే మరికొంచెం పోయండి. ఉప్పు చివర్లో చూడండి, నానబెట్టినప్పుడే కొంత పట్టి ఉంటుంది.

దించి పది నిమిషాలు ఆగి, మిగిలిన స్పూను నూనె పచ్చిగా పైన పోసి, కాల్చిన బ్రెడ్డుతో వడ్డించండి.

డబ్బా గింజలైతే 400 గ్రాములవి రెండు సరిపోతాయి. వాటి నీళ్లలో ఉప్పెక్కువ కాబట్టి సగం ఆ నీళ్లు, సగం మామూలు నీళ్లు వాడండి. స్కరోలా దొరక్కపోతే స్విస్ చార్డ్ అనే వెడల్పాటి ఆకుకూర నయం, కాకపోతే కాడలు ముందుగా వేయాలి. పాలకూర మరీ కరిగిపోతుంది, ఆ చేదూ రాదు. మిగిలిన కూర ఫ్రిజ్‌లో రాత్రికి ముద్దలా గట్టిపడుతుంది, అందుకని గింజల నీళ్లు ఒక కప్పు విడిగా దాచి ఉంచండి.