ఆపరేషన్ పేరును చివరి నుంచి చదవడం

డిశ్చార్జి సమ్మరీలో ‘కోలెసిస్టెక్టమీ’ అనే మాట కనిపించినప్పుడు, దాని పొడవు చూసి బెదరకుండా ముందు చివరి ముక్కను పట్టుకోవాలి. ‘ఎక్టమీ’ అన్నది గ్రీకులో ‘బయటికి’ అని చెప్పే ‘ఎక్’, ‘కోత’ అని చెప్పే ‘తొమె’ కలిసి ఏర్పడినది. కోసి తీసివేయడం దాని అర్థం. అక్కడి నుంచి వెనక్కి వస్తే ‘సిస్ట్’ సంచి, ‘కోలె’ పైత్యరసం. అంటే పిత్తాశయాన్ని తొలగించారన్నమాట.

ఉత్త ‘టమీ’ అయితే కోత మాత్రమే, తొలగింపు ఉండదు. కోయడానికి వీలుకానిది అనే అర్థంతో పుట్టిన ‘ఆటమ్’ కూడా ఈ ధాతువుదే. దీనికి ముందు ఒక్క సకారం చేరి ‘స్టమీ’ అయితే మూలమే మారిపోతుంది: గ్రీకులో ‘స్తొమ’ అంటే నోరు. కొలాటమీలో పెద్దపేగును కోస్తారు. కొలాస్టమీలో ఆ పేగుకు పొట్టమీద ఒక నోరు తెరుస్తారు, మలం అక్కడ అతికించిన సంచిలోకి వస్తుంది. ఆ సంచిని మార్చడం ఇంటివాళ్లు నేర్చుకోవలసి ఉంటుంది గనుక, ఈ అక్షరాన్ని ఎంత శ్రద్ధగా చూసినా తక్కువే.

‘రఫీ’ అంటే కుట్టడం, ‘ప్లాస్టీ’ అంటే రూపు దిద్దడం, ‘పెక్సీ’ అంటే జారినదాన్ని బిగించి నిలపడం. హెర్నియోరఫీలో, పేగు ఉబికి వచ్చేలా పొట్టగోడలో బలహీనపడిన చోటును రోగి కండరాలతోనే కుడతారు. హెర్నియోప్లాస్టీలో సాధారణంగా అక్కడ ‘మెష్’ అనే వల అమరుస్తారు. సుశ్రుతుడు చెప్పిన ఎనిమిది శస్త్రకర్మలు తెలిసినవారికి ఇవి త్వరగా పట్టుబడతాయి: ఎక్టమీ ఛేద్యం, టమీ భేద్యం, రఫీ సీవ్యం.

అయితే ‘ఎక్టమీ’ తొలగించారని చెబుతుంది గాని, ఎంత తొలగించారో చెప్పదు. వేసెక్టమీలో వీర్యనాళంలో చిన్న ముక్కనే తీస్తారు. హిస్టెరెక్టమీ అన్న మాట గర్భసంచి గురించే చెబుతుంది. అండాశయాలను కూడా తీస్తే ‘ఊఫరెక్టమీ’ అని విడిగా రాస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి కాబట్టి, ఈ తేడా మన ఇళ్లలో తప్పక తెలియాలి. అండాశయాలు పోతే నెలసరి ఆగే వయసుకు ముందే ఎముకల బలం తగ్గడం మొదలవుతుంది. అందువల్ల అమ్మ కాగితాలలో ఆ రెండో మాట ఉందో లేదో వెతికి, తరువాత చూపించుకునే ప్రతి డాక్టరుకూ చెప్పండి.