సెలవు రోజున తగ్గే దగ్గు, పని మొదలవగానే వచ్చే తలనొప్పి

సెలవులో హాయిగా ఉండి, పనిలోకి రాగానే ఒంట్లో బాగోకపోతే ముందు పని చోటునే అనుమానించండి. డాక్టరుకు కూడా మీరు చేసే పనేమిటో, దేనితో చేస్తారో విడమరచి చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

సమస్య: రాయి, టైల్స్, కాంక్రీటు కోసేచోట పొడి దగ్గు, ఆయాసం.
కారణం: సిలికా దుమ్ము, అంటే రాయిలో, ఇసుకలో ఉండే ఖనిజం పొడి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే రేణువులు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) లోపే ఉంటాయి, కంటికి ఆనవు. చీకటి చేసి టార్చి పక్కనుంచి వేస్తే ఆ వెలుగులో తేలుతూ కనిపిస్తాయి. ఈ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు సిలికోసిస్ చాలావరకు ఏళ్ల తర్వాతే బయటపడుతుంది, వచ్చాక నయం కాదు. అందుకే ఇక్కడ సెలవులో తగ్గిందా లేదా అన్న లెక్క చాలదు. దగ్గు లేకపోయినా దుమ్ము ఆపాల్సిందే.
పరిష్కారం: బ్లేడు రాయిని తాకేచోటే నీళ్లు పడాలి. కుదరకపోతే కట్టర్‌కే దుమ్ము లాగే గొట్టం బిగించాలి. పొడి చీపురుతో ఊడ్వడం, కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం ఇవాళే మానండి. కిందపడిన దుమ్మంతా మళ్లీ ముక్కులోకే వస్తుంది. ఇవన్నీ చేశాకే మాస్కు. చాలాచోట్ల మాస్కు ఇచ్చేసి పనైపోయిందనుకుంటారు, అది నాకు అస్సలు నచ్చదు. రుమాలు ఈ దుమ్మును ఆపలేదు. ఎన్95 అయినా గడ్డం ఉంటే ముఖానికి అతుక్కోదు, పక్కలనుంచి గాలి దూరుతుంది.

సమస్య: వెల్డింగ్ చేసిన సాయంత్రం చలిజ్వరం, ఒళ్లునొప్పులు.
కారణం: జింకు పూత ఉన్న ఇనుము కాలినప్పుడు వచ్చే పొగ. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి ఫ్లూ అనుకుని వదిలేస్తారు.
పరిష్కారం: అతికే చోట పూత ముందే తీసేయాలి. పొగ ముఖం దాకా రాకముందే లాగేసే హుడ్ పెట్టాలి. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి.

సమస్య: పని దిగాక చెవుల్లో గుయ్‌మనడం.
కారణం: చేయి చాపినంత దూరంలో ఉన్నవాళ్లతో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే శబ్దం 85 డెసిబెల్స్ దాటి ఉండొచ్చు. 85 దగ్గర 8 గంటలు హద్దు అనుకుంటే, 88 దగ్గర 4 గంటలే.
పరిష్కారం: వదులైన బోల్టులు, అరిగిన బేరింగులు ముందు చూడండి. యంత్రం కింద రబ్బరు వేసి, చుట్టూ మూత కట్టండి. ఇయర్‌ప్లగ్గులు ఆ తర్వాత.